బావగారికిచ్చిన మగ నెమలి

నోరు జారడానికి మనిషికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. కళ్ళద్దాల షాపాయనకి వియ్యంకుడి కొత్త ఇల్లు చాలింది.

వియ్యంకుడికి లారీలున్నాయి. లారీలున్నవాడు ఇల్లు కడితే అది కూడా లారీలాగే ఉంటుంది. ముందంతా మెరుపులు, వెనకంతా ఖాళీ. ఇల్లు చూడ్డానికి భోజనాలకి పిలిచిన రోజున ఆయన వచ్చినవాళ్ళందర్నీ వెంటేసుకుని గదిగదీ తిప్పాడు. ఇదిగో చప్పట్లు కొడితే వెలిగే దీపం. ఇదిగో ఎవరూ ముట్టుకోకుండానే పడే నీళ్ళు. కళ్ళద్దాలాయన ప్రతిదానికీ "బాగుంది బావగారూ" అంటూనే ఉన్నాడు. తోటలోకొచ్చేసరికి నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ కనబడింది. అక్కడ ఇక తట్టుకోలేకపోయాడు.

"అన్నీ ఉన్నాయి గానీ ఒక్క లోటు కనిపిస్తోంది బావగారూ."

వియ్యంకుడి మొహం మీద నవ్వు అలాగే ఉంది, కాకపోతే కాస్త బిగుసుకుంది. "ఏంటి బావగారూ?"

"మగ నెమలి. ఇంత తోటలో పురి విప్పుకుని తిరిగే మగ నెమలి లేకపోతే, తలపాగా చుట్టి చొక్కా మర్చిపోయినట్టుంది. సరే, అది నా వంతు. మగ నెమలిని నేనిస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. వరండాలో దీపం వెలిగింది.

దారిలో భార్య అడిగింది. "నెమలి ఎక్కడుందండీ మన దగ్గర?"

"దొరుకుతుందిలే."

"నోరైతే దొరికింది" అంది ఆవిడ, కిటికీ బయటికి చూస్తూ.

దొరికిందనే చెప్పాలి. షాపుకి పాతికేళ్ళుగా వచ్చే కోళ్ళఫారం ఆయన సరదాకి నెమళ్ళని కూడా పెంచుతున్నాడు. సంగతి వినగానే అట్టపెట్టెలో రెండు పిల్లల్ని పెట్టి తెచ్చిచ్చాడు. చూస్తే నెమలి అని ఎవరూ అనరు. గోధుమరంగు దూదుండకి కాళ్ళు గుచ్చినట్టున్నాయి.

"ఒకటి మగ, ఒకటి ఆడ" అన్నాడు కోళ్ళఫారం ఆయన. "వెచ్చగా ఉంచండి. తడి తగలనివ్వకండి. కోళ్ళతో కలపకండి, జబ్బులంటుతాయి."

"ఏది మగది?"

"ఇప్పుడే తెలీదండీ. కాస్త ఎదగనివ్వండి. రెక్క చివర పొడుగీకలు చూడండి. మగదానివి రాగిరంగులో తేటగా ఉంటాయి. ఆడదానివి మట్టిరంగు, బూడిద కలిసినట్టు. మగదానికి కాళ్ళు కూడా కాస్త పొడుగు."

"రంగు చూడ్డమే కదా. మా వృత్తే చూపు" అన్నాడు కళ్ళద్దాలాయన, తన అద్దాలు సర్దుకుంటూ.

ఆ అద్దాల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అవి లేత గోధుమరంగు అద్దాలు. షాపులో అమ్మేటప్పుడు "లోకం రంగేమీ మారదు, కళ్ళకి హాయి, అంతే" అని ఆయన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. చెప్పి చెప్పి తనే నమ్మేశాడు. పొద్దున లేవగానే పెట్టుకుంటే పడుకునేటప్పుడే తియ్యడం. కూతురి పెళ్ళిలో వియ్యంకుడికి బంగారు ఫ్రేములో అలాంటి జతే ఇచ్చాడు. వియ్యంకుడికి ఆ ఫ్రేము ఎంత నచ్చిందంటే, మొహం కడుక్కోవడం కూడా దాని చుట్టూతానే. సొంత ఇంట్లో భార్యే పెట్టుకునేది కాదు. "నా కళ్ళు బాగానే ఉన్నాయి కదండీ" అనేది. డాక్టరు పెళ్ళాం వేరే డాక్టరు దగ్గరికెళ్ళినంత అవమానంగా ఉండేది ఆయనకి.

షాపులో పాతబడిన ఫ్రేముల షోకేసుని ఇంటికి తెచ్చి, అందులో బల్బు పెట్టి, పిల్లలకి కాపురం ఏర్పాటు చేశాడు. అడుగున గాజు మీద పిల్లలు కాళ్ళు రెండుపక్కలా జారిపోయి బోర్లా పడ్డాయి. భార్య వచ్చి పాత తువ్వాలు పరిచింది. గిన్నెలో నీళ్ళు పెడితే ఒకటి అందులోనే కూర్చుంది. భార్య వచ్చి సీసా మూతలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసింది. దాణా చల్లితే రెండూ ఆయన మొహంకేసి చూశాయి. భార్య వచ్చి ఉడకబెట్టిన గుడ్డు చిదిమి, వేలితో టకటకా కొట్టి, తినడం నేర్పింది.

"చూశావా, నేను పెంచుతున్న తీరు?" అన్నాడాయన ఫోనులో కూతురితో.

రెక్కల్లో పొడుగీకలు రాగానే కళ్ళద్దాలాయన పరీక్షకి కూర్చున్నాడు. మొదటిదాని రెక్క విప్పాడు. రాగిరంగు. రెండోదాని రెక్క విప్పాడు. అదీ రాగిరంగే. వెంటనే కోళ్ళఫారానికి ఫోన్ చేశాడు.

"రెండూ మగవే ఇచ్చారండీ మీరు."

"అయ్యుండదండీ. ఒకసారి సరిగ్గా చూడండి."

విసురుగా ఫోన్ పెట్టేశాడు. కళ్ళద్దాల షాపువాణ్ణి పట్టుకుని సరిగ్గా చూడమన్న మనిషి లోకంలో ఇతనొక్కడే.

కాళ్ళు కొలుద్దామని కళ్ళ మధ్య దూరం కొలిచే చిన్న స్కేలు తెచ్చాడు. పిల్ల కాలు నిలపలేదు. అలవాటుకొద్దీ కళ్ళ మధ్యే కొలిచాడు. నెమలికి మన ఫ్రేములు కుదరవని తేలింది గానీ మగా ఆడా తేలలేదు.

దాంతో శాస్త్రం పక్కనపెట్టి గుణగణాల్లోకి దిగాడు. ఒక పిల్ల ముందు తినేది. రెండోదాన్ని తొక్కుకుంటూ వెళ్ళి మరీ తినేది. తిన్నాక షోకేసు వెనకున్న అద్దం ముందు నిలబడి, వేలెడు కూడా లేని తోకని విసనకర్రలా విప్పి, తనని తనే చూసుకునేది. రెండోది నెమ్మది. పొడుగు కాళ్ళేసుకుని భార్య వెనకాలే వంటింట్లో తిరిగేది.

"తేలిపోయింది. పురి విప్పేదే మగది" అని ప్రకటించి దానికి 'దొర' అని పేరు పెట్టాడు. రెండోది 'అమ్మడు'.

"ఎలా తేలింది?"

"ఆ ఠీవి చూడు. ముందు తింటుంది. అద్దం వదలదు. ఏ పనీ లేకపోయినా అరుస్తుంది."

"అయితే తప్పే లేదు. ఈ ఇంట్లో ఇదివరకే ఒకరున్నారు" అంది భార్య.

రోజులు గడిచేకొద్దీ ఒక చిక్కొచ్చిపడింది. కళ్ళద్దాలాయనకి దొర మీద ప్రేమ పుట్టింది. అది ఎగిరొచ్చి ఆయన భుజం మీద కూర్చునేది. ఆయన పేపరు చదువుతుంటే కింద పేజీ తను లాగేది. భుజం మీద దొరతో వీధిలో నడుస్తుంటే, ఇన్నేళ్ళూ పలకరించని మనుషులు కూడా ఆగి మాట్లాడేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు షాపు నడిపినా రాని పరపతి పిడికెడు పక్షితో వచ్చింది. దాని తోక పెరిగి, నిండుగా కళ్ళు విచ్చుకునే రోజున ఆ తోక వియ్యంకుడి ఫౌంటెన్ పక్కన ఉంటుందని తలుచుకుంటేనే ముద్ద దిగడం మానేసింది.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడి ఫోన్. "బావగారూ, మా మగ నెమలి ఎంతవరకొచ్చింది?"

'మా' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. కానీ మాటిచ్చింది నలభైమంది ముందు. రాత్రంతా దొర్లి, పొద్దున్నే కాఫీ గ్లాసుతో భార్య దగ్గరికొచ్చాడు.

"ఆయన్నే వచ్చి ఎంచుకోమంటాను. ఆయనంతట ఆయనే అమ్మడిని ఎంచుకుంటే నా తప్పేముంది?"

"ఆడదాన్ని అంటగడతారన్నమాట."

"అంటగట్టడం కాదు. స్వేచ్ఛ ఇవ్వడం."

"ఏది మగదో ఆయనకి తెలిస్తే?"

"ఆయనకేం తెలుస్తుంది! లారీలకి మగా ఆడా ఉంటాయా?"

భార్య ఏదో అనబోయి, కాఫీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఆదివారం వియ్యంకుడూ వియ్యపురాలూ వచ్చారు. వియ్యంకుడు పిట్టల్ని చూడకుండా ముందు కళ్ళద్దాలాయన మొహాన్ని చూశాడు. లారీల బేరాల్లో నేర్చుకున్న విద్య అది. సరుకు అబద్ధమాడదు గానీ చెప్పదు. మనిషి అబద్ధమాడుతూ చెప్పేస్తాడు.

"రెండింట్లో ఏది కావాలన్నా మీదే బావగారూ" అన్నాడు కళ్ళద్దాలాయన. "నన్నడిగితే మాత్రం ఇదిగో, ఈ పిల్ల. ఆ కాళ్ళు చూడండి, రాజసం. ఆ నిదానం చూడండి. మగతనమంటే నిదానమే కదా."

అమ్మడు నిదానంగా వెళ్ళి భార్య చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది.

"మరి ఇది?" వియ్యంకుడు దొర వైపు చూపించాడు.

"అదా… అదేదో గోలండీ. తిండి, అరుపు. మీ తోటకి తగదు."

వియ్యంకుడు బంగారు ఫ్రేము సర్దుకుని రెండు రెక్కలూ చూశాడు. "రెండూ రాగిరంగే కదా. రాగిరంగుంటే మగదని మా డ్రైవరెవరో అన్నాడే." తర్వాత ఓ క్షణం ఆలోచించాడు. బావగారు పొగుడుతున్నాడంటే వదిలించుకుంటున్నాడని అర్థం. తిడుతున్నాడంటే దాచుకుంటున్నాడని అర్థం. ఈలోగా దొర ఆయన ముందుకొచ్చి, ఉన్న నాలుగీకలూ విప్పి, గుండ్రంగా తిరిగింది.

"నాకు ఈ గోలే ఇష్టం బావగారూ" అన్నాడు వియ్యంకుడు. "మాదీ గోల ఇల్లే."

బుట్టలో పెట్టి తీసుకుపోతుంటే దొర వెనక్కి కూడా చూడలేదు. కళ్ళద్దాలాయన మాత్రం కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కూడా కాసేపు ఊపాడు.

అప్పట్నుంచీ ఆయన అదో రకంగా అయిపోయాడు. పేపరు ఎవరూ లాగకపోతే చదవబుద్ధి కాలేదు. దూరంచూపు అద్దాలకొచ్చినవాళ్ళకి దగ్గరచూపువి అంటగట్టాడు. కంచం ముందు కూర్చుని సగంలో లేస్తున్నాడని భార్య కూతురికి చెప్పింది. కూతురు అత్తగారికి చెప్పింది. అత్తగారికి చెబితే ఊరికి చెప్పినట్టే గనక వియ్యంకుడిదాకా వెళ్ళింది.

నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం డాబా మీద ఎండలో కూర్చున్నాడు కళ్ళద్దాలాయన. చెమట పట్టి అద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ఎదురుగా పిట్టగోడ మీద అమ్మడు రెక్కలు దులుపుకుంది. రెక్క చివర ఈకలు, అప్పుడే తోమిన రాగి చెంబు. మెడ నీలం. మామూలు నీలం కాదు, చూస్తే కంట్లో అంటుకునే నీలం.

అద్దాలు పెట్టుకుని చూశాడు. మెడ ఏదో నల్లటి ఆకుపచ్చ. తీసి చూశాడు. నీలం. పెట్టుకున్నాడు. తీశాడు. ఎన్నిసార్లు చూసినా లోకం రంగు మారుతూనే ఉంది.

"ఏమేవ్!"

భార్య పైకొచ్చింది. ఆయన అమ్మడి వైపు వేలు చూపించాడు.

"మగదండీ" అంది ఆవిడ. "రెక్కలొచ్చినప్పుడే తెలిసింది. ఇది రాగి, అది మట్టి. పురి విప్పడం పిల్లప్పుడు రెండూ చేస్తాయి. ఇది వంటింట్లో నా ముందు విప్పేది."

"తెలిస్తే చెప్పవా!"

"మీరు అడిగితే చెప్పేదాన్ని. మీరు నాకు చెప్తూ ఉన్నారు కదా."

ముందు సంతోషం వచ్చింది. మగది మన ఇంట్లోనే ఉంది! వెనకాలే భయం వచ్చింది. నలభైమంది ముందు మగ నెమలిని ఇస్తానన్నాడు, ఆడదాన్ని ఇచ్చాడు. కావాలనే చేశాడంటారు. కావాలనే చేయబోయాడు కూడా, అదే అసలు చిక్కు. మోసం ఫలించింది, మోసగాడికే తెలీకుండా. పొరపాటున జరిగిందని ఎవరికైనా చెప్పుకుందామన్నా, ఆ పొరపాటుకి ముందున్న ఉద్దేశం బయటపడుతుంది. పైగా 'లోకం రంగు మారదు' అని చెప్పి ఊరందరికీ అమ్మిన అద్దాలున్నాయి.

"చెప్పకు, ఎవరికీ" అన్నాడు.

"నేనెప్పుడు చెప్పాను?" అంది భార్య.

అక్కణ్ణుంచి ఫోనుల్లో కొత్త సర్కస్ మొదలైంది.

"మావాడి తోక ఇంకా కురచగానే ఉంది బావగారూ. మీ అమ్మాయి ఎలా ఉంది?"

"ఆడపిల్ల కదండీ, అణకువగా ఉంది" అనేవాడు కళ్ళద్దాలాయన. అదే సమయానికి అమ్మడు డాబా మీంచి వీధి చివరిదాకా వినబడేలా అరిచేది. "ఎవరండీ అది?" అంటే, "పక్కింట్లో రిపేరు జరుగుతోంది" అనేవాడు.

ఓ సాయంత్రం చెప్పాపెట్టకుండా, వియ్యపురాలితో సహా, వియ్యంకుడి కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. కళ్ళద్దాలాయన అమ్మడిని పడగ్గదిలోకి తోసి, మీద దుప్పటి కప్పి, తలుపేసి వచ్చి, "రండి రండి" అన్నాడు. మాట పూర్తికాకముందే లోపల్నుంచి పెద్ద కేక. ఆ వెనకాల ఏదో పగిలిన చప్పుడు. ఆ వెనకాల, సరిగ్గా పడని గడియని తోసుకుని, మెడలో దుప్పటి అంచుతో అమ్మడు హాల్లోకి నడిచొచ్చింది.

వియ్యంకుడు తన అద్దాల్లోంచి దాన్ని ఎగాదిగా చూశాడు.

"మీ అమ్మాయి బాగా ఎదిగిందే! మెడ అచ్చం మావాడి మెడలాగే నల్లగా, ఆకుపచ్చగా ఉంది."

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళద్దాలాయనకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. తన అద్దాల నాణ్యత మీద ఆయనకి జీవితంలో అంత నమ్మకం ఎప్పుడూ కలగలేదు.

వియ్యంకుడు మాత్రం కూర్చోలేదు. "బావగారూ, మీరు ఆ రోజు దొరని దాచుకోబోయారని నాకు తెలుసు. తెలిసే తీసుకెళ్ళాను. పంతం. కోడలు చెప్పింది, అప్పట్నుంచీ మీరు తిండి కూడా సరిగ్గా తినట్లేదని. నాకు మనసొప్పలేదండీ. మగదైతే ఏంటి, పక్షి కోసం మనిషి చిక్కిపోతాడా? దొరని తెచ్చేశాను, కార్లో ఉంది. మీరుంచుకోండి. నాకు ఆ ఆడదాన్ని ఇవ్వండి, చాలు. నలుగురడిగితే నేనే మార్చుకున్నానని చెప్తాను."

కళ్ళద్దాలాయన నిలువునా కొయ్యబారిపోయాడు. నోరు మూసుకుంటే చాలు. ఇచ్చిన మాట నిలిచినట్టే, పరువు దక్కినట్టే, దొర వచ్చినట్టే. ఒక్క మగ నెమలి పోతుంది, పోయినా అది మగదని పట్టుకెళ్ళేవాడికే తెలీదు. లేదా "ఇచ్చింది వెనక్కి తీసుకోను బావగారూ" అని పెద్దమనిషిలా చెయ్యెత్తితే మగది ఇక్కడే ఉండిపోతుంది, పైగా మర్యాద కూడా. రెండు దారులూ పూలపాన్పులే.

"ఇచ్చింది వెనక్కి…" అని మొదలుపెట్టాడు.

వియ్యంకుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు చాలా గొప్పవారు బావగారూ" అంటూ చేతులు పట్టుకున్నాడు.

అక్కడ తెగింది. తిట్టుంటే తట్టుకునేవాడు. కళ్ళద్దాలాయన చేతులు విడిపించుకుని, ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఏ గిరాకీకీ చెప్పని మాట చెప్పాడు.

"బావగారూ, ఒకసారి ఆ అద్దాలు తియ్యండి."

"ఎందుకూ?"

"తియ్యండి చెప్తాను. తీసి దీన్ని చూడండి."

వియ్యంకుడు తీశాడు. అమ్మడిని చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. నీలం మెడ అటూ ఇటూ తిరిగింది.

"ఇది…"

"మగది. అది ఆడది. మీకు ఆడదాన్ని అంటగడదామనే చూశాను. మగది చేతికిచ్చేశాననుకుని ఏడ్చాను. ఆడదాన్నే ఇచ్చానని తర్వాత తెలిసి దాచాను. మూడూ నేనే చేశాను. అద్దాలూ నేనే అమ్మాను."

వియ్యంకుడు చేతిలో బంగారు ఫ్రేముని తిప్పితిప్పి చూసి, నెమ్మదిగా తన భార్య వైపు తిరిగాడు.

"ఏమేవ్, అంటే మన హాలు రంగు…"

"గులాబీ" అంది వియ్యపురాలు. "గంధం రంగు, గంధం రంగని మీరే వేయించారు. గులాబీ అని మొత్తుకున్నా విన్నారా?"

"బయటి గోడలు?"

"అవీ."

"లారీలు?"

"అది మీ డ్రైవర్లని అడగండి. చాటుగా నవ్వుకుంటున్నారు పాపం."

వియ్యంకుడు సోఫాలో కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని కళ్ళద్దాలాయన నీళ్ళు తెచ్చాడు. ఆయన నవ్వుతున్నాడు. నవ్వుకీ నవ్వుకీ మధ్య "గులాబీ లారీలు" అంటున్నాడు. అలా కాసేపు నవ్వి, హఠాత్తుగా ఆపి, చెయ్యి చాచాడు.

"అయినా మాట మాటే బావగారూ. మగది నాది."

"మీదే" అన్నాడు కళ్ళద్దాలాయన. అన్నాక, అది తను అనుకున్నంత బరువుగా లేదని గమనించాడు.

అమ్మడిని బుట్టలో పెట్టింది భార్యే. "గుడ్డు బాగా చిదిమి పెట్టండి వదినగారూ. రాత్రి ఎత్తు మీద పడుకుంటుంది, ఏదైనా కర్ర కట్టండి. పొద్దున్నే అరుస్తుంది" అని, కాస్త ఆగి, "నిద్రపోయేవాళ్ళెవరూ ఉండకూడదని దానికి పట్టుదల" అంది. కళ్ళు తుడుచుకుని, తీరా కారు కదలబోతుండగా పరిగెత్తి, పాత తువ్వాలు కూడా కిటికీలోంచి అందించింది.

కార్లోంచి దించిన దొర గుమ్మం ముందే నిలబడింది. ఇల్లూ వాకిలీ తన పేరునే రాసున్నట్టు చుట్టూ చూసింది. ఎగిరి కళ్ళద్దాలాయన భుజమెక్కబోయింది గానీ, ఇప్పుడది పూర్తిగా పెరిగిన పక్షి. ఆయన రెండడుగులు వెనక్కి తూలి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. దించుతానని భార్య చెయ్యి చాస్తే వద్దన్నాడు.

పక్కింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. "ఏం సార్, మీ మగ నెమలి మళ్ళీ వచ్చేసిందా?"

కళ్ళద్దాలాయన నోరు తెరిచాడు. భార్య చేతులు కట్టుకుని ఆయన వంకే చూస్తోంది.

"ఆడదండీ" అన్నాడాయన.

"అవునా! చూస్తే అలా లేదే."

ఆ మాటకి దొర గోడ మీదకి దూకి, పక్కింటాయన ముక్కుకి జానెడు దూరంలో, ఉన్న కాస్త తోకా విప్పి చూపించింది.